పడుకునే ముల్లు

సోమవారం

అనేశాను. ఇక నాలుక కరుచుకుని లాభం లేదు.

అమ్మ ఇంట్లో టీ తాగుతున్నాం. నేను కొత్తగా పెట్టుకున్న కార్ల రిపేరు షెడ్డు మీదికి మాట మళ్ళించాడు అన్నయ్య. "ఈగలు తోలుకోవడానికి షట్టరు అద్దెకి తీసుకోవాలటే? ఈగలు మన షెడ్డులోనూ ఉన్నాయి కదా" అన్నాడు. ఊరుకుంటే పోయేది. ఊరుకునే రకాన్నయితే నాన్న షెడ్డు వదిలి బయటికే వచ్చేదాన్ని కాదు. "నీ చేతిలో బాగుపడని బండి ఏదైనా ఉంటే నా దగ్గరికి పంపు. అప్పుడు చూద్దువుగాని ఈగల సంగతి" అన్నాను.

అన్నయ్య కప్పు కింద పెట్టాడు. "ఉంది. నర్సమ్మ కారు. ఇంజిన్ విప్పితే తప్ప అది బాగుపడదని చెప్పేశాను. విప్పకుండా నువ్వు బాగుచేస్తే, నీ షెడ్డు జోలికి ఈ జన్మలో రాను. చెయ్యలేకపోయావనుకో, ఆదివారం షట్టరు దించేసి వచ్చి మళ్ళీ నా దగ్గర బిల్లులు రాసుకో."

"సరే" అన్నాను.

అమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీ నాన్న మొండితనం మీ ఇద్దరికీ చెరిసగం వచ్చిందనుకున్నాను. కాదు, ఇద్దరికీ నిండుగానే వచ్చింది" అంది. సాక్షి ఆవిడే.

ఆ బిల్లుల కుర్చీ ఎలాంటిదో నాకు తెలుసు. బండి శబ్దం విని జబ్బు చెప్పేది నేను. కస్టమర్ గుమ్మంలోకి రాగానే నా చేతిలో పానా తీసేసుకునేది అన్నయ్య. "మా చెల్లెలు. బిల్లులు చూస్తుంది" అని పరిచయం చేసేవాడు. తప్పుగా అనాలని కాదు, అలవాటు. అలవాటే నన్ను ఎక్కువ మండించింది.

ఇక చాలు. అన్నయ్య గురించి ఈ డైరీలో ఇంకొక్క ముక్క రాయను.

మంగళవారం

నర్సమ్మ పొద్దున్నే కారు తెచ్చింది. దూరపు ఊళ్ళకి తనే నడుపుకుంటూ వెళ్ళి ప్రసవాలు చేసి వచ్చే మనిషి. కారు దిగుతూనే రోగి సంగతి చెప్పినట్టు మొదలుపెట్టింది.

"అమ్మాయ్, నా కారుకి జ్వరమొస్తే చెప్పదు. అదే దాని రోగం. ఆ మధ్య వెనక సీట్లో నొప్పులు పడుతున్న పిల్లని పెట్టుకుని కొండ ఘాటు ఎక్కుతున్నాను. వేడి చూపించే ముల్లు చూస్తే చల్లగా అడుగున పడుకుని ఉంది. ఇంకో మలుపు తిరిగానో లేదో, బోనెట్‌లోంచి పొగలు!"

అప్పుడు పోయింది నీళ్ళ పైపు. అది మార్చడం ఎంతసేపు? అన్నయ్య మార్చాడు కూడా. అసలు భయం ముల్లుది. నీళ్ళు మరిగిపోతుంటే ఆ ముల్లు పైకి లేచి చెప్పాలి. చెప్పలేదు. అన్నయ్య ఆ ముల్లుకి కబురందించే సెన్సర్ మార్చాడు, కొన్నాళ్ళు లేచింది, మళ్ళీ పడుకుంది. ఇంకోటి మార్చాడు. మళ్ళీ అంతే.

"నాకు చెప్పని రోగిని ఎలా నమ్మమంటావ్?" అంది నర్సమ్మ. "వచ్చే వారం ఆ ఘాటు అవతల ఇద్దరికి నెలలు నిండుతున్నాయి. ఆదివారానికి తేలకపోతే కారు అమ్మేస్తాను. అమ్మేస్తే మళ్ళీ కొనగలనా చెప్పు?"

ఈవిడకీ ఆదివారమే. నాకూ ఆదివారమే.

అన్నయ్య లెక్క ఇది: ఇంజిన్ పైమూత కింద ఉండే గ్యాస్కెట్ పోయింది, నీళ్ళలోకి గాలి దూరుతోంది, సెన్సర్ చుట్టూ గాలి చేరినప్పుడు ముల్లు పడిపోతోంది. తెలివైన లెక్కే. కాదనను. కానీ రేడియేటర్ మూత తీసి ఇంజిన్ నడిపి చూశాను. ఒక్క బుడగ రాలేదు. పైగా ఈ కారుకి వేడి చూసే సెన్సర్లు రెండు. ఒకటి కంప్యూటర్‌కి, ఒకటి ముల్లుకి. రెండూ ఒకే నీళ్ళలో మునిగి ఉంటాయి. నేను చూస్తుండగానే ఇంజిన్ వేడెక్కి, కంప్యూటర్ సరైన వేళకి ఫ్యాను తిప్పింది. ముల్లు మాత్రం నిద్రలో ఉంది. గాలే అయితే అది ఒకరికే తగులుతుందా?

కనుక ఇంజిన్ బంగారం. సెన్సరే చెత్త. అన్నయ్య కొన్న దుకాణంలో కాకుండా వేరే చోట మంచిది కొన్నాను. నాన్న పద్ధతిలోనే, నీళ్ళు కారకుండా సెన్సర్ మరల మీద తెల్ల టేపు మూడు చుట్లు నున్నగా చుట్టి బిగించాను. నాన్న మొదట నీళ్ళ పంపుల మేస్త్రి. కార్లలోకి తర్వాత వచ్చాడు. "చుక్క కారితే పరువు కారినట్టే" అనేవాడు. మా షెడ్డులో మర కనపడితే టేపు చుట్టకుండా ఎవరూ బిగించరు. నేను బిగించింది చూస్తే నాన్న మెచ్చుకునేవాడు.

స్టార్ట్ చేశాను. ముల్లు నెమ్మదిగా లేచి, సరిగ్గా మధ్యలో నిలబడింది.

గెలిచాను! ఒక్క రోజులో! ఆదివారం దాకా ఎందుకు, రేపే వెళ్ళి అమ్మ ముందు చెబుతాను. అన్నయ్య మొహం చూడాలి. (చూడాలని ఏమీ లేదు.)

బుధవారం

ముల్లు పడుకుంది.

బుధవారం, మళ్ళీ

అమ్మకి ఇంకా చెప్పలేదు. అదొక్కటే అదృష్టం.

సెన్సర్ దుకాణానికి వెళ్ళి గొడవ పెట్టుకున్నాను. దుకాణదారు అద్దాలు తుడుచుకుంటూ, "తల్లీ, మీ అన్నయ్య కొన్నది వేరే కంపెనీ, నువ్వు కొన్నది వేరే కంపెనీ. అందరూ కూడబలుక్కుని మీ అన్నాచెల్లెళ్ళకే పాడైనవి అమ్ముతారా?" అన్నాడు. ఒళ్ళు మండింది. అయినా ఇంకోటి కొనుక్కుని వచ్చాను. టేపు చుట్టి బిగించాను. లేచింది.

ఇది నిలుస్తుంది. దీని పెట్టె కూడా బరువుగా ఉంది.

గురువారం

నిలవలేదు.

పెట్టె బరువు చూసి సెన్సర్ మంచిదనుకున్నాను. ఇలాంటి మాట ఇంకెవరైనా అంటే నవ్వి ఉండేదాన్ని. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు సెన్సర్ని తిడుతూ ఇంకెన్ని మారుస్తాను? మార్చడం పని కాదు. కనుక్కోవడం పని. ఇవాళ్టి నుంచి ఒక్క వస్తువు కూడా కొనను.

శుక్రవారం

ఒక్కొక్కరినీ విడిగా నిలబెట్టి విచారించాను.

ముందు ముల్లు. సెన్సర్ మీది వైరు ఊడదీసి, దాని కొసని ఇంజిన్ ఇనుముకి ఒక్క క్షణం తాకించాను. ముల్లు ఎగిరి ఎర్రగీత దాటింది. అంటే ముల్లు మంచిది, అక్కడి దాకా వచ్చే వైరు మంచిది.

తర్వాత సెన్సర్. విప్పి ఇంటికి తెచ్చి, పాల గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి అందులో వేలాడదీశాను. కరెంటుకి ఎంత అడ్డుందో చూపే మీటరు క్లిప్పు ఒకటి సెన్సర్ నెత్తిన, ఒకటి దాని నడుముకి. చల్లనీళ్ళలో అంకె పెద్దగా ఉంది. నీళ్ళు వేడెక్కుతున్నకొద్దీ అంకె తగ్గుతూ, తగ్గుతూ, మరిగేసరికి చాలా చిన్నదైంది. ఎలా ఉండాలో అలాగే. పాత సెన్సర్లు కూడా అన్నయ్య దగ్గర అడిగి తెచ్చాను. అవీ అంతే! ఒక్కటి పాడైంది లేదు.

మా ఆయన వంటింట్లోకి వచ్చి గిన్నెలోకి తొంగి చూశారు. "ఇవాళ ఏం వండుతున్నావ్?"

"సెన్సర్లు."

"ఉడికాయా?"

పాల గిన్నె ఇక పాలకి పనికిరాదని మాత్రం చెప్పాను.

ముల్లు మంచిది, వైరు మంచిది, సెన్సర్ మంచిది. ముగ్గురూ విడివిడిగా మంచివాళ్ళే. ఒకచోట కలిస్తేనే గొడవ. మా ఇంటి లెక్కలానే ఉంది ఇది.

సాయంత్రం సెన్సర్‌ని మళ్ళీ టేపు చుట్టి బిగించి, ముల్లు పడుకునేదాకా ఇంజిన్ నడిపి చూస్తుంటే, అన్నయ్య నా షెడ్డుకి వచ్చాడు. ఊరికే ఇటు వెళ్తున్నాడట. అటు ఊరే లేదు, ఇటు వెళ్ళడానికి. బోనెట్‌లోకి వంగి చూసి, సెన్సర్ చుట్టూ వేలు తిప్పి, పొడిగా ఉన్న వేలు నాకు చూపించాడు. "బిగింపు మాత్రం నాన్న బిగింపే. చుక్క లేదు" అన్నాడు.

ఎంత సంతోషమేసిందో. మిగిలింది కాసేపు మరిచిపోయాను.

వెళ్తూ వెళ్తూ, "ఇంజిన్ దించే చైను ఆదివారం తెస్తాలే" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే నాకు సాయం చేద్దామని అన్నాడు. అదే ఏడిపించింది. ఏడవలేదు, కళ్ళలో గ్రీజు పడింది.

అన్నయ్య గురించి రాయనన్నాను కదా. రాయను.

శనివారం

చేతికి ఇంకా గ్రీజుంది. పేజీకి అంటనీ. రాస్తాను.

పొద్దున్న మా ఆయన కుట్టు మిషను ముందు కూర్చుని ఒక చొక్కా పట్టుకుని గొణుగుతున్నారు. చొక్కా చిరిగిందని ఎవరో కోపంగా పడేసి వెళ్ళారట. "గుడ్డ చూస్తే గట్టిది. దారం చూస్తే గట్టిది. రెండూ కలిసే చోట జారిపోయింది. తప్పు గుడ్డది కాదు, దారానిది కాదు, కుట్టుది" అంటున్నారు.

"మీ చొక్కాల గోల మీది, నా ప్రాణం మీదికి వచ్చింది ఇక్కడ" అని అరిచి బయటపడ్డాను.

సగం దారిలో కాళ్ళు ఆగిపోయాయి. రెండూ కలిసే చోట. నేను ముల్లుని చూశాను, వైరుని చూశాను, సెన్సర్ని ఇంటికి తీసుకుపోయి ఉడకబెట్టాను. సెన్సర్ ఇంజిన్లో కూర్చునే చోటు చూశానా?

ఆ సెన్సర్‌కి వైరు ఒక్కటే. వైరులోంచి వచ్చిన కరెంటు సెన్సర్ ఒంటిలోంచి ఇంజిన్ ఇనుములోకి పోవాలి, అదే దానికి ఎర్త్, అదే దారి. పాల గిన్నెలో నేను క్లిప్పు నేరుగా దాని నడుముకే పెట్టాను కనుక దారి నేనే ఇచ్చినట్టయింది. ఇంజిన్లో ఆ దారి ఎవరిస్తారు?

షట్టరు సగమే ఎత్తి లోపలికి దూరాను. మీటరు ఒక కాలు సెన్సర్ ఒంటి మీద, రెండో కాలు ఇంజిన్ మీద పెట్టాను. ఇనుములో బిగించిన ఇత్తడి. సున్నా రావాలి. రాలేదు. అంకె పెరుగుతోంది, తగ్గుతోంది, ఒక్కోసారి మీటరు అసలు దారే లేదంటోంది. నా కళ్ళని నేను నమ్మలేదు. ఇంజిన్ వేడెక్కనిచ్చి, ఒక వైరు ముక్క తీసుకుని సెన్సర్ నడుముని ఇంజిన్‌కి కలిపాను. ముల్లు లేచింది. తీశాను, పడుకుంది. కలిపాను, లేచింది. తీశాను. కలిపాను. చిన్నపిల్లలు లైటు స్విచ్చితో ఆడుకున్నట్టు ఎంతసేపు ఆడుకున్నానో!

అప్పుడు ఇంజిన్ చల్లారనిచ్చి, సెన్సర్ విప్పి చేతిలోకి తీసుకున్నాను.

మరల మీద తెల్ల టేపు. మూడు చుట్లు. నున్నగా, ముడత లేకుండా, నా చేత్తో చుట్టింది. నీటిని ఆపే టేపు కరెంటుని మాత్రం పోనిస్తుందా? కొత్తగా బిగించినప్పుడు మర అంచు టేపుని కోసుకుని ఎక్కడో ఒకచోట ఇనుముని తాకుతుంది, ముల్లు లేస్తుంది. ఇంజిన్ నాలుగుసార్లు వేడెక్కి చల్లారేసరికి ఆ తాకిన చోటు కూడా వదిలేస్తుంది. ముల్లు పడుకుంటుంది. అంతకు ముందు పాత సెన్సర్ బిగించింది కూడా మా షెడ్డులోనే, టేపుతోనే. అన్నయ్య మార్చిన ప్రతిసారీ టేపు చుట్టాడు. నేను మార్చిన ప్రతిసారీ టేపు చుట్టాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రోగాన్ని చేత్తో పట్టుకుని నేనే కదా లోపలికి బిగించింది!

టేపు మొత్తం గీకేశాను. మరలు ఇత్తడి రంగులో మెరిశాయి. ఆ మరలు పైకి పోయేకొద్దీ లావుగా ఉంటాయి, బిగిస్తే వాటంతటవే బిగుసుకుంటాయి. వాటికి టేపు అక్కర్లేదు. ఇన్నేళ్ళలో వాటి ఆకారాన్ని ఒక్కసారైనా పరీక్షగా చూశానా? టేపు చుట్టేశాక చూడటానికి ఏముంటుంది!

బిగించాను. మీటరు పెట్టాను. సున్నా.

షెడ్డులో ఒక్కదాన్నే గట్టిగా అరిచాను. పక్క దుకాణం ఆయన ఏమైందో అని పరిగెత్తుకొచ్చాడు. "సున్నా వచ్చిందండీ!" అన్నాను. పాపం, ఓదార్చి వెళ్ళాడు.

సాయంత్రం దాకా కారుని వేడెక్కించడం, చల్లార్చడం, మళ్ళీ వేడెక్కించడం. ఒక్కసారి కూడా పడుకోలేదు.

మా ఆయనకి కొత్త కత్తెర కొనిపెట్టాలి. అరిచినందుకు కాదు, కుట్టు మాట చెప్పినందుకు.

నాన్నా, నువ్వు చెప్పింది తప్పు కాదు. నీ పంపులకి వేడి చూపించే ముల్లు లేదు, అంతే.

ఆదివారం

అన్నయ్య అన్న మాట ప్రకారం వ్యానులో చైను వేసుకుని వచ్చాడు. అమ్మ కూడా దిగింది, సాక్షి కదా. నర్సమ్మ అప్పటికే కారులో కూర్చుని హారను కొడుతోంది.

పాత సెన్సర్ ఒకటి టేపుతో ఒక ఇనుప ముక్కలో బిగించి ఉంచాను. దానికి మీటరు పెట్టి అన్నయ్యకి చూపించాను. అదే సెన్సర్ టేపు తీసి బిగించి మళ్ళీ చూపించాను. అన్నయ్య మీటరు నా చేతిలోంచి తీసుకున్నాడు. తనే పెట్టి చూశాడు. ఇంకోసారి చూశాడు.

"ఇది నాన్న టేపే" అన్నాడు.

"నాన్న టేపు నీళ్ళ పైపుకి అన్నయ్యా. దీనికి ఇత్తడి ఇనుముని తాకాలి."

"అంటే మన షెడ్డులోంచి ఇన్నాళ్ళూ పోయిన కార్లన్నీ..." అని ఆగిపోయాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను కూడా నా వేళ్ళు చూసుకున్నాను. ఆ టేపు నేను కూడా చుట్టిందే.

నర్సమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "అంటే ఇన్నాళ్ళూ చొక్కా మీద థర్మామీటర్ పెట్టి జ్వరం లేదన్నారన్నమాట! ఇద్దరూ కలిసి!"

"దాదాపు అంతేనండీ" అన్నాను.

"ఎక్కండి, ఎక్కండి. ఘాటు ఎక్కితే కదా తెలిసేది."

అన్నయ్య ముందు సీట్లో, నేనూ అమ్మా వెనక. ఎవరూ రోడ్డు చూడటం లేదు, నర్సమ్మ తప్ప. అందరి కళ్ళూ ముల్లు మీదే. చదునులో మధ్యకి వచ్చింది. ఎత్తు ఎక్కేటప్పుడు వెంట్రుక వాసి పైకి జరిగింది. పైన ఫ్యాను తిరిగి గాలి తగలగానే మళ్ళీ మధ్యకి దిగింది. ఒంట్లో ఎంత ఉంటే అంత చెబుతోంది. అమ్మకి ఏమీ అర్థం కాలేదు. అయినా మలుపు మలుపుకీ, "లేచే ఉందా?" అని అడుగుతూనే ఉంది.

ఘాటు పైన ఆపి బోనెట్ ఎత్తాం. అన్నయ్య సెన్సర్ దగ్గర వేలు పెట్టాడు. వేలు బయటికి తీసి వెలుతురులో చూశాడు. ఆ మొహంలో వెలుగు నేను మరిచిపోలేను.

"చుక్క!" అన్నాడు.

నిజమే. ఒక్క చుక్క. ఇంజిన్ చల్లారేదాకా నలుగురం ఆ గట్టు మీద కూర్చున్నాం. తర్వాత పానా వేసి ఇంకొంచెం తిప్పాను. మర గట్టిగా కూర్చుంది. తుడిచాను. మళ్ళీ స్టార్ట్ చేసి వేడెక్కనిచ్చి అన్నయ్యనే వేలు పెట్టమన్నాను.

పొడి.

చుక్క కారింది. పరువు కారలేదు.

దిగేటప్పుడు నర్సమ్మ ఒక్క చేత్తో నడుపుతూ కూనిరాగం తీసింది. చైను వ్యానులోనే ఉండిపోయింది. "నా మాట మీద నేనుంటాను" అన్నాడు అన్నయ్య దిగగానే. మెచ్చుకోలేదు. నాకేం అక్కర్లేదు.

అక్కర. కొంచెం అక్కర.

గురువారం

నర్సమ్మ పొద్దున్న ఆగి వెళ్ళింది. ఘాటు అవతల ఆడపిల్ల పుట్టిందట. ఇంకొకరికి ఇవాళో రేపో. "దారంతా నీ ముల్లు నాతో మాట్లాడుతూనే ఉంది" అని చెప్పి, ఇంజిన్ ఆపకుండానే వెళ్ళిపోయింది.

ఈ పేజీ అంతా అన్నయ్య గురించే రాస్తాను.

మధ్యాహ్నం షెడ్డు ముందు ఒక పాత కారు ఆగింది. నడుపుతున్నది అన్నయ్య. పక్కన కారు యజమాని, కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు. మా పాత కస్టమరే, కౌంటర్లో నా చేతి బిల్లులు ఎన్నో తీసుకున్నారు. అన్నయ్య బోనెట్ ఎత్తాడు. జేబులోంచి పానా తీశాడు. నేను ఇంజిన్ దగ్గరికి వెళ్ళి, అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేశాను.

అన్నయ్య ఆ పానా నా చేతిలో పెట్టాడు.

"మాస్టారూ, మీ కారు ముల్లు కూడా పడుకుంటోంది. టేపు చుట్టింది నేనే. దీని సంగతి మా చెల్లెలికే తెలుసు" అన్నాడు. గొంతు తగ్గించలేదు. పక్క దుకాణం దాకా వినపడింది.

పని ఎంతసేపు? విప్పాను, గీకాను, బిగించాను, మీటరు పెట్టాను. సున్నా. ముల్లు లేచింది. మాస్టారు చప్పట్లు కొట్టారు, పాఠం అప్పజెప్పిన పిల్లకి కొట్టినట్టు.

చేతులు తుడుచుకుంటూ వెనక్కి తిరిగి చూద్దును కదా, అన్నయ్య నా బల్ల దగ్గర నా కుర్చీలో ఇరుక్కుని కూర్చుని, నా పెన్నుతో తంటాలు పడుతున్నాడు.

"ఏం చేస్తున్నావ్ అన్నయ్యా?"

"చేతులకి గ్రీజుంది కదా నీకు. నేను రాస్తాలే" అన్నాడు తల ఎత్తకుండా.

మాస్టారు అటు చూసి, ఇటు చూసి, "ఈయనేంటి ఇక్కడ..." అన్నారు.

ఇన్నేళ్ళుగా విన్న మాట. నోటికొచ్చిన మాట. ఆపుకోగలిగేదాన్నే. ఆపుకోలేదు.

"మా అన్నయ్య" అన్నాను. "బిల్లులు చూస్తాడు."

అన్నయ్య పెన్ను ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. భుజాలు కదులుతుంటే కోపమేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. నవ్వు ఆపుకోలేక తల బల్ల మీద పెట్టేశాడు. బిల్లు మీద గ్రీజు మరక పడింది, అక్షరాలు కోడి గీకినట్టున్నాయి, నా షెడ్డు పేరు ఉండాల్సిన చోట ముందు నాన్న షెడ్డు పేరు రాసి, కొట్టేసి, పక్కన నాది రాశాడు. మాస్టారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.